పెండ్లి పద్యంలో నేను మార్చిన మాట

పోయిన వారం మా తమ్ముడి మనవరాలి పెండ్లి పత్రిక నా ఫోనుకు వచ్చింది. పూర్వం మా ఇండ్లలో పెండ్లి పిలుపంటే ఇద్దరు పెద్దమనుషులు పసుపు అంటించిన కార్డు పట్టుకొని గడప దాకా వచ్చేవారు, మేము కూర్చోమన్న తర్వాతే కూర్చునేవారు. ఇప్పుడు అటువంటి మర్యాద కోసం ఎదురుచూడటం నాదే తప్పని ఇంట్లోవాళ్లు అంటున్నారు కనుక ఆ సంగతి వదిలేస్తాను. నా చూపు ఆగింది మాత్రం కార్డు అడుగున బంగారు రంగులో ఉన్న నాలుగు పాదాల మీద. చూడటానికి పద్యంలాగే ఉంది. నా బొటనవేలు నాకు తెలియకుండానే మిగతా వేళ్ల కణుపుల మీద కదలడం మొదలుపెట్టింది. రెండో పాదం దాటకముందే అది పద్యం కాదని తేలిపోయింది. పక్కనే కూర్చున్న నా మనవరాలు "ఏం లెక్క పెడ్తున్నవ్ తాతా?" అని అడిగింది. దీన్ని రాసిందెవరని నేను అడిగాను. "ఎవ్వరు రాయలే. ఫోన్‌ల అడిగితే అదే రాసిచ్చింది" అన్నది.

నేను ఏ పద్యాన్నీ ఊరికే నమ్మను. ఎవరైనా పద్యం చేతికిస్తే దాని అర్థం తర్వాత చూస్తాను, ముందు దాని మొదటి మూడు అక్షరాలు చూస్తాను. ఈ అనుమానం నాకు ఎక్కడ అంటుకున్నదో, దాని వల్ల ఎవరికి ఏం జరిగిందో ఎన్నడూ కాగితం మీద పెట్టలేదు. చెప్పాలంటే మా అక్క పెండ్లి నాటికి వెనక్కి పోవాలి.

మాది కేసముద్రం అవతల ఒక ఊరు. పేరు చెప్పను. చెబితే ఇప్పటికీ కొందరు కుర్చీలోంచి లేస్తారు, కొందరు మొహం తిప్పుకుంటారు, ఆ రెండింటిలో ఏదీ ఈ వయసులో నాకు అక్కరలేదు. ఆ ఊళ్లో మా తాత మాటకు ఎదురుండేది కాదు. ఆయన పోయాక భూములు కొన్ని చట్టం కిందా, కొన్ని దాయాదుల వ్యాజ్యాల కిందా పోయి, చివరికి మా బాపు రెండు ఎడ్లబండ్లలో పట్టినంత సామానుతో వరంగల్ వచ్చి గిర్మాజీపేటలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. అప్పుడు నాకు ఆరేండ్లు. బాపు ఒక పత్తి వ్యాపారి కొట్టులో పనికి కుదిరాడు, కాని రోజూ పొద్దున ఇస్త్రీ షేర్వానీ తొడుక్కొని, మెడ వంచకుండా, బజారులో ఎవరినీ పలకరించకుండా నడిచి వెళ్లేవాడు. ఎక్కడికని ఎవరైనా అడిగితే చూసి వస్తాననేవాడు, ఏం చూసి వస్తాడో చెప్పేవాడు కాడు. మా మేనత్త, అంటే బాపుకు అక్క, భర్త పోయాక మా దగ్గరే ఉండేది. ధర్మసాగర్ నీళ్లు వచ్చే వీధి నల్లా దగ్గర నలుగురితో పాటు వరుసలో నిలబడటం ఆమెకు చావుతో సమానం. అమ్మనూ నిలబడనిచ్చేది కాదు. అందుకని పొద్దున్నే వీధిలో జనం తిరగకముందే బిందెలు మోసే పని నాకు పడింది. బిందె భుజం మీద ఉన్నప్పుడు కూడా వీపు నిటారుగా ఉండాలని బాపు చెప్పేవాడు. ఇప్పటికీ నా వీపు అట్లాగే ఉంది.

నా వయసువాళ్లకు పెండ్లి పద్యాల సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. తలంబ్రాలు అయి అందరూ కాస్త కుదుటపడ్డాక వధూవరులను దీవిస్తూ అయిదు పద్యాలు చదివేవారు. వాటిని గులాబీ రంగు కాగితం మీద అచ్చువేయించి వచ్చినవాళ్లకు పంచేవారు, ఒక ప్రతికి అద్దం కట్టించి పెండ్లికూతురి వెంట అత్తవారింటికి పంపేవారు. చాలా ఇండ్లలో ఆ పద్యాలను ఏ పండితుడి చేతనో రాయించుకునేవారు. మా ఇంట్లో మాత్రం ఇంటి మగవాడే రాయాలి, రాసినవాడే లేచి నిలబడి చదవాలి. మా ముత్తాత రాశాడు, తాత రాశాడు. మేనత్త పెండ్లికి తాత చదివిన పద్యాలను ఊరంతా విన్నదని, ప్రహరీ గోడ అవతల నిలబడినవాళ్లు కూడా చప్పుడు చేయలేదని చెప్పుకునేవారు. మా బాపుకు పద్యం అబ్బలేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు, భూముల మాట మాత్రం ఎత్తేవారు. దేనివల్ల ఆయన ఎక్కువ బాధపడేవాడో దీన్నిబట్టి మీకే తెలుస్తుంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా దసరా తర్వాత అక్కకు ములుగు వైపు సంబంధం కుదిరింది. వాళ్లది ఇంకా ఆస్తి చెక్కుచెదరని ఇల్లు. మా పరిస్థితి వాళ్లకు తెలియనిది కాదు. అయినా వరుడి తాతగారు, పద్యమంటే చెవి కోసుకునే మనిషి, మా ఇంట్లో మంచం మీద కూర్చొని, "మీ ఇంటి పద్యాలు నేను చిన్నప్పుడు విన్న. పెండ్లిల అవి వినిపియ్యుండ్రి, మాకు గంతే సాలు" అన్నారు. ఆయన వెళ్లిపోయాక బాపు షేర్వానీ గుండీలు కూడా విప్పకుండా నా వైపు తిరిగి, "భూములు పోయినయి, పోనీ. ఇంటి పద్యం గూడ పోయిందని వాళ్ల నోట అనిపించుకోను" అన్నాడు. పెండ్లి వైశాఖంలో. నాకు అప్పటికి లఘువంటే ఏమిటో గురువంటే ఏమిటో తెలియదు.

మా బడిలో తెలుగు సారు క్రైస్తవులు. పొట్టిగా, బక్కగా, ఎండాకాలంలో కూడా విప్పని నల్లకోటుతో ఉండేవారు. ఆయనది మా ఊరే, మా ఊరి చివరి వాడ. ఆయన తండ్రి మా పొలాల్లో పనిచేసిన మనిషి. ఒక ఏడు ఉన్నట్టుండి పెండ్లాం పిల్లలతో ఊరు విడిచి వరంగల్ వచ్చి మిషను వాళ్ల నీడన చేరాడట. కొడుకు వాళ్ల హాస్టల్లోనే చదివి పండితుడయ్యాడు. ఇదంతా బాపుకు తెలుసు. తెలిసీ వెళ్లాడు, ఎందుకంటే పద్యం చెప్పడంలో ఆయనంతటి మనిషి ఈ చుట్టుపక్కల లేడని పత్తి కొట్టులో షావుకారు దగ్గర నుంచి అందరూ అనేవారు. ఆ వాడ మనిషిని బాపు తన జన్మలో 'మీరు' అని ఎరగడు. బడిలో పదిమంది పంతుళ్ల నడుమ 'నువ్వు' అనలేడు. అందుకని ఏదీ అనకుండా, గోడ వైపు చూస్తూ, "పిల్లగానికి పద్యం జెప్పాలె. వీలయితదా?" అన్నాడు. ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్య ఎనిమిది నెలలు ఆ భాషే నడిచింది. సారు క్షణం కూడా ఆలోచించలేదు. రేపటి నుంచి బడి అయ్యాక పంపమన్నారు. తనకేం ఇవ్వాలని బాపు అడిగితే, ఏమీ వద్దని నవ్వారు.

ఆ నవ్వే మా ఇంట్లో చిచ్చు పెట్టింది. "ఉత్తగ ఎందుకు జెప్తడురా వాడు? కడుపుల ఏందో పెట్టుకున్నడు. పోరన్ని మతంల కలుపుకుందామని సూస్తాండేమో" అని మేనత్త పట్టుకున్నది. బాపు ఒక గంప సీతాఫలాలు పంపి చూశాడు. సారు వాటిని తరగతిలో పిల్లలందరికీ తలా ఒకటి పంచి, ఖాళీ గంప తిరిగి పంపారు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. నేను పాఠం నుంచి రాగానే మేనత్త నన్ను దేవుడి గూటి ముందు నిలబెట్టి స్తోత్రం అప్పజెప్పించుకునేది, ఎక్కడైనా తడబడితే అమ్మ వైపు అదోలా చూసేది. ఆయన చెయ్యి తగిలిన నోటుబుక్కు గడప దాటి లోపలికి రాకూడదని ఆమె కట్టడి చేసింది. నేను దాన్ని వరండా గూట్లో పెట్టి, కాళ్లు కడుక్కొని లోపలికి రావాలి. అంటే మా అక్కను దీవించవలసిన పద్యాలు పెండ్లి నాటి దాకా మా ఇంటి బయటే పెరిగాయి. అప్పుడు నాకు అందులో వింతేమీ కనిపించలేదు.

ఆయన పాఠం మాత్రం ఎవరి పాఠంలాగా ఉండేది కాదు. మొదటి పదిహేను రోజులు నా చేత పెన్సిలు పట్టించలేదు. నన్ను వెంటబెట్టుకొని కొత్తవాడకు నడిచి, షత్రంజీలు, అంటే నూలు తివాచీలు, నేసే ఇండ్ల ముందు నిలబెట్టి, లోపలి మగ్గం చప్పుడు వినమనేవారు. ఏ దెబ్బ పొట్టిది, ఏ దెబ్బ సాగింది, చెప్పమనేవారు. పొట్టిది లఘువు, సాగింది గురువు. దెబ్బలను మూడేసి చొప్పున విడగొట్టి గణాలు చెప్పించేవారు. నేతగాళ్లు కిటికీలోంచి మమ్మల్ని చూసి, "ఏం సారూ, ఇయ్యాల మా మగ్గం ఏం పద్యం జెప్తాంది?" అని ఎగతాళి చేసేవారు. "నీ మగ్గానికి యతి కుదర్తలేదు, జర నూనె పెట్టు" అని సారు తిరిగి అనేవారు. నోటుబుక్కు తెరిచి కండ్లతో గణాలు లెక్కపెట్టబోతే నెత్తి మీద చిన్నగా మొట్టి, "పద్యాన్ని కండ్లతోటి గాదు, చెవులతోటి సదువు" అనేవారు. ఆ మాట ఆయన వందసార్లు అని ఉంటారు.

నా మొదటి పద్యం మిరపకాయల మార్కెట్ మీద రాసిన ఆటవెలది. ఏం రాయమంటారని అడిగితే, నిన్న నీకు ఎక్కడ ముక్కు కారిందో దాని మీద రాయమన్నారు. రాసి ఇస్తే ఎర్రసిరాతో కాగితమంతా నింపి ఇచ్చారు, నేను రాసిన నీలం ఎక్కడున్నదో వెతుక్కోవలసి వచ్చింది. మా ఇంట్లో పుట్టినవాడి రాతను ఇట్లా ఎవరూ కొట్టివేసి ఎరగరు. నాకు మండింది. కాని మరుసటి రోజు ఆయన దిద్దిన పద్యాన్ని నల్లా దగ్గర బిందె నిండేదాకా నాలో నేనే చదువుకుంటూ ఉంటే, అది నాకంటే ముందు నడుస్తున్నట్టు అనిపించింది. నాకు పద్యం పట్టుబడింది ఆ రోజేనని ఇప్పుడు అనుకుంటాను.

అంతా అట్లాగే సాగి ఉంటే బాగుండేది. సంక్రాంతి సెలవులు దాటాక ఒకనాడు ఆయన, పెండ్లి పద్యం ఎట్లా ఉండాలో వినమని, ఒక శార్దూలం చదివారు. ఆ తర్వాత ఇంకొకటి, అట్లా అయిదూ చదివారు. రెండోది మేనత్త ఇంట్లో సగం చదివే పద్యమే. అవి మా తాత మేనత్త పెండ్లికి రాసిన పద్యాలు. ఆ కాగితాలు మేము ఊరు వదిలేటప్పుడు పోయాయి. మా ఇంట్లో మేనత్తకు ఒక పద్యం సగం జ్ఞాపకం ఉంది, బాపుకు అదీ లేదు. ఈయనకు అయిదూ, ఒక్క అక్షరం పోకుండా, ఎట్లా వచ్చాయి? అడిగితే, "మా నాయన నేర్పిండు" అని మాత్రం అన్నారు.

ఇంటికి వచ్చి మేనత్తను అడిగాను. ఆమె దాచకుండా చెప్పింది, అది దాచవలసిన సంగతని ఆమెకు అనిపించలేదు. ఆమె పెండ్లినాడు గోడ అవతల నిలబడి విన్నవాళ్లలో సారు తండ్రి ఒకడు. చదువు రానివాడు, ఒకసారి వింటే మరిచేవాడు కాడు. కొన్నాళ్లకు కోతల్లో కొడవలి పట్టుకొని ఆ పద్యాలను పైకి ఎత్తుకున్నాడట. తాతకు తెలిసింది. మా ఇంటి పద్యం వాడి నోట్లోకి ఎట్లా పోయిందని తాతకు కోపం వచ్చింది. "మాపటిదాక ఎండల నిలబెట్టి, అయిదూ మల్ల మల్ల సదివించిండు. గొంతు పోయేదాక. గా ఏడే ఊరిడిసి పోయిండ్రు" అన్నది మేనత్త, పప్పులో రాళ్లు ఏరుకుంటూ.

ఆ రోజు నుంచి పాఠానికి వెళ్లిన మనిషి వేరు. తండ్రిని ఎండలో నిలబెట్టిన ఇంటికి కొడుకు ఊరికే పద్యం ఎందుకు నేర్పుతాడు? నేనే అయితే నేర్పను. నేనైతే ఏం చేస్తానో దాన్నే ఆయన చేస్తున్నారని నిర్ణయించుకున్నాను. ఆయన నవ్వితే నవ్వెందుకని, నవ్వకపోతే మనసులో ఏమున్నదని చూసేవాణ్ని. నా పద్యంలో ఒక మాట కొట్టేస్తే అది మంచి మాటేమో, కావాలనే కొట్టేశారేమో అనుకునేవాణ్ని. ఆయన ఇంట్లో ఆయన భార్య ఇచ్చిన మజ్జిగ గ్లాసు అంచు కూడా రెండుసార్లు చూసి తాగేవాణ్ని. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కాని ఆ రోజుల్లో ఆ అనుమానమే నన్ను పెద్దవాణ్ని చేసిందని గర్వపడ్డాను.

చైత్రం నాటికి అయిదు పద్యాలు తయారయ్యాయి. మొదటిది మత్తేభం. నేను పెట్టిన మొదటి మాట ఆయనకు నచ్చలేదు, కొట్టివేసి తన చేత్తో 'సిరులున్' అని రాశారు. 'సిరులున్ సంపదలున్ యశంబు గుణముల్ శ్రీమంతమై యింటిలో' అని ఆ పాదం. వినడానికి హాయిగా ఉంది. కాని ఆ మాట నాది కాదు, ఆయనది. అయిదు పద్యాలలోకి మొట్టమొదటి మాట.

పెండ్లి వారం రోజులు ఉందనగా, ఒక మధ్యాహ్నం బాపు ట్రంకు పెట్టెలో బట్టల కింద పాత ఛందస్సు పుస్తకం ఒకటి దొరికింది. సగం చెదలు తినేసింది. మిగిలిన పుటల్లో ఒక చోట, పద్యం ఏ గణంతో మొదలైతే దీవెన పొందేవారికి ఏ ఫలమో వరుసగా రాసి ఉంది. మ గణం, భూమి దేవత, సిరి కలుగుతుంది. ర గణం, అగ్ని, మరణం. స గణం, వాయువు, ఇల్లూ ఊరూ విడిచి పరదేశాల పాలుకావడం. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. సి, రు, లున్. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. స గణం. ఆయన తండ్రి ఇల్లూ ఊరూ విడిచి పోయిన మనిషి. మా అక్కకు అదే రాసిపెట్టారని నాకు అర్థమయింది. అర్థమయిందనే అనుకున్నాను. ఆ పుట తర్వాతి పుట చెదలు తినేసింది. దాంట్లో ఏమున్నదో చూడాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

ఎవరితోనూ చెప్పలేదు. బాపుతో చెబితే పద్యాలే ఆగిపోతాయి. నేరుగా అచ్చు ప్రెస్సుకు వెళ్లాను. మరునాడు సారు వచ్చి ప్రూఫు చూస్తానన్నారు. అంతకుముందే పని కావాలి. కంపోజిటరు సీసపు అక్షరాలు పేర్చిన పలకను చూపిస్తూ ఉంటే, మొదటి మాట తీసి 'శ్రీలున్' అని పెట్టమన్నాను. సిరి అన్నా శ్రీ అన్నా అర్థం ఒకటే, పైగా శ్రీకారం, పైగా ఇప్పుడు శ్రీ, లున్, సం మూడూ గురువులే, మ గణం, సిరి ఫలం. ఆ పాదమంతా కండ్లతో లెక్కపెట్టాను, ఎక్కడా తప్పు పోలేదు. "సారు జెప్పిండా?" అని కంపోజిటరు అడిగాడు. ఆయనే చెప్పారన్నాను. ప్రూఫు చూడటానికి ఆయన రానక్కరలేదన్నాను. సాయంత్రం సారు దగ్గరికి వెళ్లి, ప్రూఫు తానే చూశానని కంపోజిటరు అన్నాడని చెప్పాను. రెండు నోళ్ల మీద రెండు అబద్ధాలు పెట్టి ఇంటికి వచ్చి హాయిగా అన్నం తిన్నాను.

పెండ్లి పందిట్లో బాపు అటువైపు పెద్దలను ముందు వరుసలో కూర్చోబెట్టాడు. సారుకు పందిరి చివర ఒక కుర్చీ వేయించాడు, మా ఇంట్లో ఆ వాడ మనిషికి కుర్చీ వేయడం అదే మొదటిసారి. పద్యాలయ్యాక ఆయనకు కప్పాలని ఒక శాలువా కూడా పళ్లెంలో పెట్టి ఉంచాడు. గులాబీ కాగితాలు అందరి చేతుల్లోకీ వెళ్లాయి. నేను లేచి నిలబడ్డాను. మొదటి పాదం గొంతెత్తి చదివాను, బాగా పలికింది. రెండో పాదం ఎత్తుకోగానే కాలు గుంతలో పడినట్టయింది. నడక మారిపోయింది. మూడో పాదానికి తప్పు నా చెవికే తెలిసిపోయింది.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మత్తేభం రెండు పొట్టి అక్షరాలతో మొదలవుతుంది. ఆ రెండింటినీ తీసి ఒక పొడుగు అక్షరం పెడితే అది శార్దూలమైపోతుంది, తక్కిన నడకంతా ఒకటే. మత్తేభమంటే మదించిన ఏనుగు, శార్దూలమంటే పులి. నేను ఒక్క పాదాన్ని మార్చి మూడింటిని అట్లాగే ఉంచాను. వరుడి తాతగారు కాగితాన్ని కండ్లకు దగ్గరగా పెట్టుకొని, చేత్తో నన్ను ఆపి, "మొదటి కాలు పులిది, తక్కిన మూడు ఏనుగుయి. గిదేం జంతువు బిడ్డా?" అన్నారు. ఆయన మంచిమనిషి, సరదాకే అన్నారు. ముందు వరుస నవ్వింది. వెనక వరుస ఎందుకో తెలియకుండా నవ్వింది. అక్క తల వంచుకున్నది. బాపు వీపు వంగలేదు, మొహం మాత్రం నేను చూడలేకపోయాను. "ఎవ్వలు దిద్దిండ్రు దీన్ని?" అని తాతగారు అడిగారు.

అందరూ పందిరి చివరికి తిరిగారు. సారు చేతిలో గులాబీ కాగితం ఉంది. ఆయన కోటు జేబులో తాను దిద్దిన ప్రతి ఉందని నాకు తెలుసు, ఆయన ఎక్కడికైనా దాన్ని తెచ్చుకునేవారు. తీసి చూపిస్తే అయిపోయేది. ఆయన కాగితం మీద మొదటి మాటను ఒకసారి చూశారు, నన్ను ఒకసారి చూశారు. లేచి నిలబడి, "దిద్దింది నేనేనయ్యా. తప్పు నాదే. పిల్లగాడు మంచిగనే రాసిండు" అన్నారు.

అప్పుడు మా బాపు ఎనిమిది నెలలుగా తప్పించుకు తిరుగుతున్న మాటను పలికాడు. "నీకెక్కడి పద్యంరా? నీతోని జెప్పిచ్చుకున్న సూడు, నాది బుద్ధి తక్కువ." శాలువా పళ్లెంలోనే ఉండిపోయింది. సారు అక్షింతలు తీసుకొని అక్క మీద చల్లి, భోజనానికి ఆగకుండా వెళ్లిపోయారు. నేను నిలబడ్డచోటు నుంచి కదలలేదు. ఒక్క మాట చాలు, నేను మార్చాను అని. ఆ మాట అంటే మా ఇంటి వారసుడే మా ఇంటి పద్యాన్ని పాడుచేశాడని అవుతుంది. అనలేదు. ఇంకొకటి కూడా చెప్పాలి. ఆయన అట్లా నింద నెత్తిన వేసుకున్నప్పుడు సైతం, దీని వెనక ఏమున్నదో, నన్ను తనకు లొంగదీసుకోవడానికేమో అని నా మనసు వెతికింది.

ఎండాకాలం సెలవులయ్యాక బడిలో ఆయన నన్ను పక్కకు పిలిచి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు, ఎందుకు మార్చావని. స గణం సంగతి చెప్పాను. తండ్రి సంగతి నేను చెప్పలేదు, ఆయనకు తెలిసిపోయింది. "సిరి అన్న మాట ఉన్నకాడ గణం దోషం లేదని తర్వాతి పుటల ఉంటది. నన్ను అడిగితె అయిపోవు గద" అన్నారు. మొట్టలేదు. కోపం చేయలేదు. నేను క్షమించమని అనలేదు, ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ అనగా వినలేదు.

పద్యాలు రాయడం మాత్రం మానలేదు. రాసి ఆయన బల్ల మీద పెట్టేవాణ్ని. ఆయన చదివేవారు. అడుగున 'బాగున్నది' అని ఒక్క మాట రాసి తిరిగి ఇచ్చేవారు. ఒక్క అక్షరం కొట్టేవారు కాదు, ఒక్కటి చేర్చేవారు కాదు. మొదట సంతోషించాను. నాలుగైదు అయ్యాక అనుమానం వచ్చి, కావాలని యతి తప్పించి ఒక పద్యం రాసి ఇచ్చాను. 'బాగున్నది'. ప్రాస చెడగొట్టి ఇంకొకటి ఇచ్చాను. 'బాగున్నది'. మూడు పాదాలే రాసి, నాలుగోది లేకుండా ఇచ్చాను. దానికీ అదే మాట. పదో తరగతి అంతా అట్లాగే గడిచింది. తర్వాత ఆయనకు బదిలీ అయింది, కొన్నేండ్లకు పోయారని బస్సులో ఎవరో అనుకుంటుంటే విన్నాను. బాపు ఆ తప్పు సారుదేనని నమ్ముతూనే పోయాడు. అక్క నలభై ఏండ్లు ములుగులో ఒకే ఇంట్లో ఉండి, ఎటూ పోకుండా, పిల్లలతో మనుమలతో చల్లగా బతికింది. చివరి రోజుల్లో ఆమెకు ఒక్కదానికే నిజం చెప్పాను. "గా మాట గప్పుడే, గా పందిట్ల అనాలెరా తమ్మీ. ఇప్పుడు నాకు జెప్పి ఏం లాభం?" అన్నది.

ఇప్పుడు హనుమకొండలో నెలకొకసారి కవుల సమావేశం జరుగుతుంది. నన్ను పెద్దవాణ్నని ముందు కూర్చోబెడతారు, నా పద్యం చదివిస్తారు. ఒకప్పుడు పందిట్లో వంటవాళ్లలో కూడా యతి తప్పితే తల తిప్పేవాడు ఒకడుండేవాడు. ఇప్పుడు నా ఎదుట కూర్చున్న వందమందిలో ఎవరికీ పులికీ ఏనుగుకూ తేడా అక్కరలేదు. పోయిన నెల చదివిన పద్యంలో రెండో పాదం నాకు నచ్చలేదు, అయినా చదివాను, ఎవరో ఒకరు లేస్తారేమోనని కాసేపు ఆగాను కూడా. ఎవరూ లేవలేదు. చప్పట్లు కొట్టారు. దిగి వస్తుంటే ఒక్కొక్కరు చెయ్యి పట్టుకొని, చాలా బాగున్నదండీ అన్నారు. వాళ్లు మనస్ఫూర్తిగానే అని ఉంటారు. నాకు మాత్రం, ఆ మాట ఎవరి నోట విన్నా, ఈ మనిషికి నేనేం అన్యాయం చేశానా అని లోపల వెతుకులాట మొదలవుతుంది.